కాంటనీస్ వాడుక పలుకులు నేర్చుకునే పద్ధతి

హాంకాంగ్‌లో మాట్లాడే చైనా భాష అయిన కాంటనీస్‌లో రాసే భాష వేరు, మాట్లాడే భాష వేరు. హాంకాంగ్ టీవీ ధారావాహికల్లో పాత్రలు ఒకటి పలుకుతుంటే కింది సబ్‌టైటిళ్లు తరచుగా ప్రామాణిక చైనీస్‌లో మరొక మాటను చూపుతాయి కనుక, వాడుక పలుకులను చదివి కాక, విని పట్టుకోవాలి.

విన్నదాన్ని రాసుకోవడానికి హాంకాంగ్ భాషాశాస్త్ర సంఘం 1993లో రూపొందించిన జ్యుత్‌పింగ్ అనే రోమన్ లిపి పద్ధతి చాలు. అందులోని 'జీ' (g) అక్షరాన్ని మన 'క'గాను, 'కే'ని ఒత్తి పలికే 'ఖ'గాను చదవాలి. ఇంగ్లీషు అలవాటుతో చదివితే పలుకు చెడుతుంది. మాట చివరనుండే అంకె, ఆరు స్వరస్థాయిల్లో అది ఏదో తెలుపుతుంది. 'మాయ్' అన్నది ఐదో స్థాయిలో కొనడం, ఆరో స్థాయిలో అమ్మడం. కాబట్టి అంకెను వదలరాదు.

ఏ పలుకునైనా అది పుట్టే సందర్భంతో సహా నేర్వాలి. కానుక అందుకుంటే 'తోచే' అనాలి. ఎవరైనా తలుపు తెరిచి పట్టుకున్నా, వెయిటరును పిలవాలన్నా, దారి ఇమ్మని అడగాలన్నా 'మ్‌కోయ్' అనాలి. ఎరుపు మినీబస్సులో దిగదలచినవారు స్టాపు దగ్గరపడగానే 'పాసీ చామ్ యౌ లోక్' (బస్‌స్టాపులో దిగాలి) అని డ్రైవరుకు వినబడేలా కేక వేయాలి. 'లోక్' చివరి 'క్'ను పూర్తిగా విడవక గొంతులోనే ఆపాలి. డ్రైవరు చెయ్యెత్తితే విన్నాడన్నమాట.

అసలు రుచి వాక్యాంత పదాల్లో ఉంది, పాఠ్యపుస్తకాలు వీటికి తగినంత చోటివ్వవు. 'హై' అంటే అవును. 'హై క్వా' అంటే అవును కాబోలు, 'హై మే' అంటే ఆశ్చర్యంతో అడిగే 'అవునా!'. 'హై వో' అన్నప్పుడు 'వో'ను కిందినుంచి కాస్త పైకి లేపితే 'అవునట' అవుతుంది, మధ్యస్థాయిలో నిలిపితే 'అవును సుమా, ఇప్పుడు గుర్తొచ్చింది' అన్న భావం వస్తుంది. 'అట', 'కాబోలు', 'సుమా' వంటివి పుట్టుకతో వచ్చిన తెలుగువారికి ఇవి ఇంగ్లీషు వివరణలకన్నా సొంత భాష ద్వారానే త్వరగా అందుతాయి. అందుచేత నోటుపుస్తకంలో వీటి అర్థాలను తెలుగులోనే రాసుకోవడం మేలు.

పుస్తకంలో 'నేయ్' అని ఉన్న 'నువ్వు' అన్న మాట హాంకాంగ్‌లో చాలామంది నోట 'లేయ్' అని వినిపిస్తుంది. రెండూ ఒకటేనని చెవికి అలవాటు చేసి, పలికేటప్పుడు మాత్రం మొదట్లో 'నేయ్' అనే అనాలి.