ఒక విడత జాడించిన నీళ్లతో మరో విడత ఉతకడం ఎలా?

వాషింగ్ మెషీన్ వదిలే నీళ్లన్నీ ఒకే తీరున ఉండవు. మొదట వచ్చేవి మట్టి, చెమట, సబ్బు కలిసిన మురికి నీళ్లు. చివరి జాడింపులో వచ్చేవి గ్లాసులో పట్టి చూస్తే దాదాపు తేటగానే కనిపిస్తాయి. ఆ తేట నీళ్లను నిలవ చేసి తర్వాతి విడత బట్టలు ఉతకడానికి వాడుకోవచ్చు. అయితే వాటిని ఉతకడానికే వాడాలి, చివరి జాడింపుకు వాడకూడదు. ఉతికేటప్పుడు మనమే సబ్బు కలుపుతాం కనుక నీటిలో కొద్దిపాటి సబ్బు మిగిలి ఉన్నా నష్టం లేదు. బట్టకు ఆఖరున తగిలేవి మాత్రం ఎప్పుడూ కొత్త నీళ్లే కావాలి. జపాన్‌లో చాలా మెషీన్లకు స్నానపు తొట్టిలోని నీళ్లను తోడుకునే చిన్న పంపు ఉంటుంది. అక్కడ కూడా ఆ నీళ్లను ఉతకడానికి వాడి, చివరి జాడింపు కుళాయి నీళ్లతోనే చేస్తారు. మన దగ్గర మామూలుగా అమ్మే మెషీన్లలో ఇటువంటి ఏర్పాటు కనిపించదు కాబట్టి ఒక డ్రమ్ము, కొంత ఓపిక మనమే సమకూర్చుకోవాలి.

ముందుగా మీ మెషీన్ నీళ్లను ఎలా బయటకు వదులుతుందో చూసుకోండి, ఎందుకంటే మిగిలిన పనంతా దానిమీదే ఆధారపడి ఉంటుంది. ముందు తలుపున్న ఫ్రంట్‌లోడ్ మెషీన్లలో నీళ్లను బయటకు నెట్టే పంపు ఉంటుంది. వాటి గొట్టం చివరను సాధారణంగా నేల నుంచి 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచమంటారు. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము ఎత్తు సుమారు 90 సెంటీమీటర్లు కాబట్టి గొట్టాన్ని దాని అంచుకు తగిలిస్తే సరిపోతుంది. గొట్టం చివర మాత్రం డ్రమ్ములోని నీళ్లలో మునగకూడదు. ఈ జాగ్రత్త తీసుకోక ఒకసారి మా ఇంట్లో డ్రమ్ములోని నీళ్లు తిరిగి మెషీన్లోకే చేరాయి. మూడు జతల తెల్ల చొక్కాలను మళ్లీ మొదటి నుంచి ఉతకవలసి వచ్చింది.

పైనుంచి బట్టలు వేసే టాప్‌లోడ్ మెషీన్లలో, సెమీ ఆటోమేటిక్ మెషీన్లలో చాలావాటికి పంపు ఉండదు. నీళ్లు పల్లానికి వాటంతట అవే పోతాయి కనుక గొట్టాన్ని పైకెత్తితే మెషీన్ ఖాళీ కాదు. మెషీన్‌ను ఎత్తయిన గట్టు మీద పెట్టమని కొందరు సలహా ఇస్తారు గాని, బట్టలు పిండేటప్పుడు వచ్చే ఊపుకు అది జారి పడే ప్రమాదం ఉంది కాబట్టి నేను ఒప్పుకోను. దానికన్నా జాడింపు పూర్తయి నీళ్లు వదలబోయే ముందు మెషీన్‌ను ఆపి, ప్లగ్గు తీసేసి, చెంబుతో బకెట్లలోకి తోడుకోవడం మేలు. కాస్త నడుము నొప్పి పుట్టే పనే, కాని ఖర్చు లేనిది. తోడలేనివారు గొట్టాన్ని ఒక వెడల్పాటి లోతులేని టబ్బులోకి వదిలి, అందులోంచి ఎయిర్ కూలర్లలో వాడే చిన్న మోటారుతో డ్రమ్ములోకి ఎక్కించుకోవచ్చు. మోటారు నడుస్తుండగా ఆ నీళ్లలో చెయ్యి పెట్టకూడదు.

మురికి నీళ్లు, తేట నీళ్లు ఒకే గొట్టంలోంచి వస్తాయి కాబట్టి వాటిని వేరు చేయడం అన్నిటికన్నా ముఖ్యం. టాప్‌లోడ్ మెషీన్లలో సాధారణంగా ఉతకడం, జాడించడం, పిండడం విడివిడిగా ఎంచుకునే వీలు ఉంటుంది. ఉతికిన నీళ్లను, మొదటి జాడింపు నీళ్లను మోరీలోకి వదిలేసి, రెండో జాడింపు నీళ్లను మాత్రమే పట్టండి. ఫ్రంట్‌లోడ్‌లో మామూలు ఉతుకు పూర్తయ్యాక జాడింపును విడిగా మరోసారి నడిపితే దానికి అదనంగా నీళ్లు ఖర్చవుతాయి. కాబట్టి చివరి జాడింపు ఎప్పుడు వస్తుందో ఒకటి రెండు సార్లు దగ్గరుండి గమనించి, ఆ సమయానికి గొట్టాన్ని డ్రమ్ముకు మార్చడం మంచిది. డ్రమ్ము మూతికి పాత పంచె ముక్కను కట్టితే పీచు దానిమీదే నిలిచిపోతుంది. గుడ్డను గొట్టానికే బిగించి కడితే పంపు మీద భారం పడుతుంది.

పట్టిన నీళ్లను మళ్లీ మెషీన్లోకి పంపేటప్పుడు డ్రమ్మును కుళాయి గొట్టానికి కలపవద్దు. ఇంటి మంచినీటి పైపుతో వాడిన నీళ్లకు ఏ విధమైన సంబంధమూ ఉండకూడదు. పైగా నేలమీది డ్రమ్ము నుంచి వచ్చే నీళ్లకు మెషీన్ లోపలి వాల్వుకు కావలసినంత ఒత్తిడి ఉండదు. టాప్‌లోడ్‌లోనైతే మూత తీసి నేరుగా పోయవచ్చు. లోపల నీటి మట్టాన్ని కొలిచే ఏర్పాటు ఉంటుంది కనుక తక్కువైన మేరకే మెషీన్ కుళాయి నుంచి తీసుకుంటుంది. బట్టల బరువును మెషీనే అంచనా వేసే రకమైతే ఆ అంచనా పూర్తయ్యాకే పోయాలి, లేదా నీటి మట్టాన్ని మనమే ఎంచుకోవాలి. ఫ్రంట్‌లోడ్‌లో తలుపు తీసి పోయడం కుదరదు; ఆ మెషీన్ నీళ్లను మరుగుదొడ్లో పోయడానికో, మెట్లు కడగడానికో వాడుకోవడమే తేలిక.

మిగులు ఎంతో ఒక లెక్క చూద్దాం. ఒక విడతకు ఉతుకు ఒకటి, జాడింపులు రెండు, ప్రతిదానికీ 50 లీటర్లు అనుకుంటే మూడు విడతలకు 450 లీటర్లు కావాలి. చివరి జాడింపు నీళ్లను తర్వాతి విడత ఉతుకుకు వాడితే రెండుసార్లు కొత్త నీళ్లు అక్కరలేదు కనుక 350 లీటర్లు చాలు. రెండు డ్రమ్ములు పెట్టి, మొదటి జాడింపు నీళ్లను తర్వాతి ఉతుకుకు, రెండో జాడింపు నీళ్లను తర్వాతి మొదటి జాడింపుకు వాడితే 250 లీటర్లకు దిగుతుంది. ఆసుపత్రుల, హోటళ్ల బట్టలు ఉతికే పొడవైన సొరంగం లాంటి యంత్రాలు పనిచేసేది ఈ పద్ధతిలోనే. నలుగురున్న ఇంటికి ఒక్క డ్రమ్ము పద్ధతే సుఖమని నా అభిప్రాయం.

ఒకే రోజు రెండు మూడు విడతలు ఉతికే ఇళ్లకే ఇది బాగా పనికొస్తుంది. ముందు తెల్లవి, తర్వాత లేత రంగులు, చివర ముదురు రంగులు, కాలిపట్టాలు అనే వరసను తప్పవద్దు. పసిపిల్లల మలమూత్రాల గుడ్డలు, జబ్బుపడినవారి బట్టలు, రంగు దిగే కొత్త చీరలు, బ్లీచింగ్ పౌడరు గాని బట్టలు మెత్తబడే ద్రవం గాని వేసిన విడతలు, వీటి నీళ్లను పట్టకూడదు. నిలవ ఉన్న నీళ్లలో సూక్ష్మక్రిములు పెరిగి వాసన వస్తుంది కాబట్టి 24 గంటలలోపు వాడెయ్యాలి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇటువంటి నిలవ నీళ్లలోనే కనుక డ్రమ్ముకు మూత బిగించి ఉంచాలి. ఆఖరి విడత నీళ్లు మిగిలితే వరండా కడిగి, డ్రమ్మును లోపల బ్రష్షుతో రుద్ది, మళ్లీ ఉతికే రోజు వరకు ఎండలో బోర్లించి ఉంచండి.