ఫైర్ హోస్‌లో ఎంత ప్రెషర్ తగ్గుతుందో లెక్కగట్టడం ఎలా?

పంపు దగ్గర గేజ్ 7 బార్ చూపిస్తోందంటే నాజిల్ దగ్గర కూడా 7 బార్ ఉందని కాదు. హోస్ లోపలి గోడను రాసుకుంటూ, లోపల సుడులు తిరుగుతూ పోయే నీళ్లు దారిలోనే కొంత ప్రెషర్ పోగొట్టుకుంటాయి. ఎంత పోతుందో లెక్క లేకపోతే నాజిల్ పట్టుకున్న మనిషికి మంట ముందు నీళ్లు చాలవు, లేదంటే ప్రెషర్ ఎక్కువై నాజిల్ అదుపు తప్పుతుంది. రెండూ ప్రాణాల మీదికి తెచ్చేవే. కాబట్టి పంపు నడిపేవాళ్లకు ఈ లెక్క నోటికి వచ్చి తీరాలి.

ముందుగా మూడు విషయాలు తెలుసుకోండి: నిమిషానికి ఎన్ని లీటర్ల నీళ్లు పోతున్నాయి, హోస్ పొడవు ఎన్ని మీటర్లు, దాని లోపలి వ్యాసం ఎంత. చాలా ఫాగ్ నాజిళ్ల (నీళ్లను తుంపరగా చిమ్మే నాజిళ్లు) మీద ఎంత ప్రెషర్‌కి ఎన్ని లీటర్లు వస్తాయో రాసే ఉంటుంది.

తర్వాత హోస్ సైజును బట్టి గుణకం, అంటే లెక్కలో గుణించాల్సిన అంకె, తీసుకోండి. 38 మి.మీ. హోస్‌కి 38, 45 మి.మీ.కి 24.6, 65 మి.మీ.కి 3.17 అని శిక్షణలో సాధారణంగా వాడతారు.

ఇక సూత్రం:

తగ్గే ప్రెషర్ (కిలోపాస్కల్) = గుణకం × (లీటర్లు ÷ 100) × (లీటర్లు ÷ 100) × (పొడవు ÷ 100)

100 కిలోపాస్కల్ అంటే 1 బార్.

45 మి.మీ. హోస్ 60 మీటర్లు వేశారు, నిమిషానికి 400 లీటర్లు పోతున్నాయి అనుకుందాం. 24.6 × 4 × 4 × 0.6 = 236 కిలోపాస్కల్. అంటే దాదాపు 2.4 బార్. అవే నీళ్లు అంతే పొడవున్న 38 మి.మీ. హోస్‌లో పోతే 3.6 బార్ తగ్గుతుంది. 65 మి.మీ. హోస్‌లో అయితే 0.3 బారే!

సూత్రంలో లీటర్లను రెండుసార్లు గుణించాం చూడండి, అసలు కీలకం అక్కడే ఉంది. పొడవు రెట్టింపైతే తగ్గుదల కూడా రెట్టింపే అవుతుంది. కానీ నీళ్లు రెట్టింపైతే తగ్గుదల నాలుగు రెట్లవుతుంది. పై ఉదాహరణలో 400 బదులు 800 లీటర్లు పంపాలంటే హోస్ ఒక్కటే సుమారు 9.4 బార్ తినేస్తుంది. పంపు వేగం ఎంత పెంచినా నీళ్లు ఆశించినంత పెరగకపోవడానికి కారణం ఇదే. అలాంటప్పుడు పెద్ద హోస్ వేయాలి, లేదా ఒకే సైజు, ఒకే పొడవున్న రెండు లైన్లు పక్కపక్కన వేయాలి. నీళ్లు రెండు లైన్లలో సగం సగం పోతాయి కాబట్టి తగ్గుదల నాలుగో వంతుకి పడిపోతుంది. లెక్కలో ఒక లైన్‌ని, సగం లీటర్లను తీసుకుంటే సరిపోతుంది, రెండింటినీ కూడకండి.

ఇప్పుడు పంపు దగ్గర ఎంత పెట్టాలో చూద్దాం. నాజిల్‌కి కావలసిన ప్రెషర్‌కి హోస్‌లో తగ్గేది కలపండి. నాజిల్ పంపు కన్నా ఎత్తులో ఉంటే మీటరుకు 10 కిలోపాస్కల్ చొప్పున కలపండి, పల్లంలో ఉంటే తీసేయండి. మన ఉదాహరణలో 700 కిలోపాస్కల్ అవసరమయ్యే నాజిల్‌ని 9 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తే 700 + 236 + 90 = 1,026. అంటే పంపు దగ్గర 10.3 బార్. మధ్యలో డివైడింగ్ బ్రీచింగ్ (ఒక లైన్‌ని రెండుగా చీల్చే అమరిక) లాంటివి ఉంటే వాటి తగ్గుదల కూడా చేర్చాలి. వచ్చిన మొత్తం హోస్ తట్టుకోగల ప్రెషర్‌ని దాటకూడదు.

హోస్ మడత పడితే ఈ లెక్క పనికిరాదు. గేజ్ ముట్టుకునే ముందు లైన్ వెంట నడిచి మడతలు విప్పించండి.

పై గుణకాలు సగటువి మాత్రమే. ఒకే సైజు హోస్‌లైనా లోపలి లైనింగ్‌ని బట్టి, ప్రెషర్‌కి ఎంత ఉబ్బుతాయన్నదాన్ని బట్టి తేడా వస్తుంది. మీ హోస్ గుణకాన్ని మీరే కొలుచుకోవడం అన్నిటికన్నా మంచిది. సమతలం మీద హోస్‌ని తిన్నగా పరిచి, రెండు చివర్లా గేజ్‌లు, ఒకచోట ఫ్లో మీటర్ బిగించండి. 45 మి.మీ. హోస్ 60 మీటర్లలో నిమిషానికి 500 లీటర్లు పోతున్నప్పుడు రెండు గేజ్‌ల మధ్య తేడా 330 కిలోపాస్కల్ వచ్చిందనుకోండి. 330 ÷ (5 × 5 × 0.6) = 22. ఆ హోస్‌కి ఇకపై 24.6 బదులు 22 వాడండి.