పాత వాల్వు ఆంప్లిఫైయరుకు కరెంటు ఇచ్చే ముందు

సామాన్యులు తమలో తాము మాట్లాడుకునే 27 మెగాహెర్ట్జ్ సీబీ (సిటిజన్స్ బ్యాండ్) రేడియోకు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు, కానీ 5 వాట్లు దాటకూడదు. కనుక పర్లాకిమిడిలోనో గుణుపూర్‌లోనో పాతసామాన్ల కొట్లో రేడియో సిగ్నలు పవర్ పెంచే వాల్వు ఆంప్లిఫైయరు దొరికితే సీబీ సెట్టుకు తగిలించకండి. హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సున్నవాళ్లు 28–29.7 మెగాహెర్ట్జ్‌లో, తమ గ్రేడుకు అనుమతించిన పవర్ లోపల వాడుకోవచ్చు.

అందరి చూపూ ముందు వాల్వుల మీదే పడుతుంది. నిజానికి ఎక్కువగా చెడేది పవర్ సప్లై. అమెరికా సరుకైతే ట్రాన్స్‌ఫార్మరు 120 వోల్టులకు కట్టి ఉండొచ్చు. ప్రైమరీలో (కరెంటు లోపలికి వచ్చే వైపు) రెండు చుట్లుంటే, ఒకదాని చివరను రెండోదాని మొదలుకు కలిపితే 240కి సరిపోతుంది. తిరగేసి కలిపితే ఫ్యూజు పోతుంది. ఒకటే చుట్టుంటే వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టాల్సిందే.

తర్వాత పవర్ సప్లైలో కరెంటును నిలవ ఉంచే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. పైకి నిగనిగలాడుతున్నా నమ్మొద్దు. వరసలో ఒకటి షార్టయితే దాని భారం మిగతావాటి మీద పడి అవీ పేలతాయి. అందుకే మొత్తం మార్చాలి. రెండు 572బి వాల్వులతో 2400 వోల్టుల మీద నడిచేదానికి 150 మైక్రోఫారడ్, 450 వోల్టులవి ఆరు సిరీస్‌లో వేసి, ఒక్కోదానికి అడ్డంగా 100 కిలోఓం, 3 వాట్ల రెసిస్టరు పెట్టండి. ఆరింటి హద్దు 2700 వోల్టులే. రాత్రి లైను 230 నుంచి 250కి ఎక్కితే 2600 దాటుతుంది, కాబట్టి స్టెబిలైజరు లేకుండా నడపొద్దు.

వాల్వులు తీసేసి, 100 వాట్ల ఫిలమెంటు బల్బును కరెంటు లైనులో సిరీస్‌గా పెట్టి స్విచ్చి వెయ్యండి. బల్బు ఒక్కసారి మెరిసి మసకబడితే మంచిదే. వెలుగు తగ్గకపోతే ఎక్కడో షార్టుంది. ఆపాక కెపాసిటర్లు ఖాళీ కావడానికి నిమిషం పడుతుంది, అదీ రెసిస్టర్లన్నీ బాగుంటేనే. ప్లగ్గు పీకి రెండు నిమిషాలు ఆగి, పొడవాటి పీవీసీ పైపు చివర బిగించిన ఎర్తు తీగను ప్లేటు లైనుకు (వాల్వు ప్లేటుకు వెళ్లే హై వోల్టేజి తీగకు) తాకించాకే చెయ్యి పెట్టండి. మామూలు మల్టీమీటరు 1000 వోల్టులకు మించి తట్టుకోదు, ప్లేటు లైను మీద పెట్టకండి.

వాల్వులు పెట్టాక సాకెట్టు దగ్గర ఫిలమెంటు వోల్టేజి 6.0–6.6 మధ్య ఉండాలి. వానాకాలంలో సాకెట్టు తేమ పట్టి స్పార్కు కొడుతుంది. ముందే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి ఆరబెట్టండి. గాజు మీద నీలి మెరుపు మామూలే. లోపలంతా ఊదారంగు నిండితే గాలి చొరబడినట్టు, ఆ వాల్వు పనికిరాదు.

ట్యూనింగుకు యాంటెన్నా కాదు, 50 ఓం డమ్మీ లోడు (సిగ్నలు బయటికి పోకుండా పవర్‌ను వేడిగా మార్చే రెసిస్టరు) పెట్టండి. వైర్‌వౌండ్ రెసిస్టర్లతో చేసినది ఈ ఫ్రీక్వెన్సీలో కాయిల్‌లా ప్రవర్తిస్తుంది. డ్రైవ్ (సెట్టు నుంచి ఆంప్లిఫైయరుకు ఇచ్చే పవర్) తక్కువగా ఇచ్చి, ప్లేటు కెపాసిటరును ప్లేటు కరెంటు మీటరు కిందికి దిగేదాకా తిప్పి, లోడు నాబుతో పవర్ పెంచండి. ఒక్కో విడతకు పది సెకన్లు మించొద్దు. ప్లేటు ఎర్రబడితే వెంటనే డ్రైవ్ తీసేయండి.