క్లచ్ ప్లేటు జారుతోందని గుర్తించడం ఎలా?

పత్తి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ ముందు బారులు తీరిన బండ్ల మధ్య హాఫ్ క్లచ్ మీద అంగుళం అంగుళం ముందుకు జరిపే డ్రైవర్లు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి. ఇంజన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్‌కు, ప్రెషర్ ప్లేటుకు మధ్య బిగుసుకుని ఉండే క్లచ్ ప్లేటు, పెడల్ తొక్కగానే ఆ పట్టు నుంచి విడివడుతుంది. పెడల్‌ను సగమే తొక్కి ఉంచితే ప్లేటు రాపిడికి వేడెక్కి, దాని మీది లైనింగ్ (పట్టునిచ్చే పొర) రివెట్ల దాకా అరిగిపోతుంది; అప్పుడు ప్లేటు పట్టు తప్పి జారుతుంది.

పరీక్షించడానికి, బండి ముందు ఎవరూ లేని చదునైన చోట హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, ఫుట్ బ్రేక్ తొక్కి, టాప్ గేర్ వేసి క్లచ్‌ను మెల్లగా వదలాలి. ఇంజన్ ఆగిపోకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతున్నట్లే. ఈ పరీక్షను పదేపదే చేయకూడదు. గేరు పడేటప్పుడు గరగరమంటే ముందుగా కేబుల్‌ను గానీ, క్లచ్ ఆయిల్ మట్టాన్ని గానీ చూడాలి. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే కూత వినిపిస్తే, సాధారణంగా రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు ప్రెషర్ ప్లేటు పట్టును విడిపించే బేరింగ్) అరిగిందని అర్థం.