ట్యాంకులోకి మనిషి దిగే ముందు: గ్యాస్ డిటెక్టర్ లాగింగ్‌లో తీసుకోవలసిన జాగ్రత్తలు

వానలు మొదలయ్యేలోపు వ్యర్థజలాల ట్యాంకులు, సంపులు, మ్యాన్‌హోళ్లు శుభ్రం చేయించాలన్న తొందర ఏటా ఉండేదే. లోపల ఒకరు స్పృహ తప్పారని, పైకి లాగబోయినవారూ అక్కడే పడిపోయారని వార్త రావడం కూడా ఏటా జరుగుతున్నదే. ఇటీవల అలాంటి ఒక ప్రమాదం తరువాత ఆ యూనిట్‌లోని గ్యాస్ డిటెక్టర్ లాగ్ షీటును పరిశీలించవలసి వచ్చింది. ఆ పూట హైడ్రోజన్ సల్ఫైడ్ (మురుగు కుళ్లితే పుట్టే విషవాయువు) వరుసలో కనిపించిన అతి పెద్ద అంకె 7 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల పాళ్లకు 7 పాళ్లు. సెన్సర్ బాగానే ఉంది, క్యాలిబ్రేషన్ (తెలిసిన వాయువుతో రీడింగును సరిచేయడం) గడువు కూడా దాటలేదు. తప్పంతా లాగింగ్, అంటే రీడింగులను పరికరమే నమోదు చేసుకోవడం, అమర్చిన తీరులో ఉంది.

తాడు, బెల్టు, గాలి గొట్టం, బయట నిలబడే మనిషి గురించి ఈ పనిలో ఉన్నవారికి కొత్తగా చెప్పనక్కరలేదు కాబట్టి, ఆటోమేటిక్ లాగింగ్ వరకే ఇక్కడ రాస్తున్నాను.

చాలా డిటెక్టర్లలో లాగింగ్‌కు రెండు అమరికలు ఉంటాయి. ఎంత వ్యవధికి ఒకసారి నమోదు చేయాలన్నది మొదటిది. ఆ వ్యవధిలో వచ్చిన రీడింగుల సగటును రాయాలా, గరిష్ఠాన్ని రాయాలా, ఆ క్షణాన ఉన్నదాన్ని రాయాలా అన్నది రెండవది. మెమరీ మిగులుతుందని, కాగితం తక్కువ పడుతుందని వ్యవధిని 15 నిమిషాలకు, విలువను సగటుకు పెట్టేస్తారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ట్యాంకు అడుగున పేరుకున్న బురద కదలనంతసేపు రీడింగ్ సున్నా దగ్గరే ఉంటుంది. పార గుచ్చి ఒక్కసారి పైకెత్తగానే బుడగలతో పాటు వాయువు గుప్పున లేస్తుంది. 30 సెకన్ల పాటు 200 పీపీఎం ఉండి, మిగిలిన సమయమంతా సున్నా ఉన్నదనుకోండి. 15 నిమిషాల సగటు 7 పీపీఎం లోపే వస్తుంది. అదే వాయువు ఒక నిమిషం సగటులో పూర్తిగా పడితే 100 అవుతుంది. గరిష్ఠం నమోదయ్యేలా పెట్టి ఉంటే 200 కనిపిస్తుంది. ప్రాణానికి తక్షణ ముప్పు ఉన్న స్థాయిగా అమెరికాలో వృత్తి భద్రతపై పరిశోధన చేసే నియోష్ సంస్థ పరిగణించేది 100 పీపీఎం.

లోపలున్న మనిషికి అలారం వినిపించే ఉండవచ్చు, ఎందుకంటే అలారం అప్పటికప్పటి రీడింగును బట్టి మోగుతుంది. అయితే ఆ సగటు లాగ్ అంతటితో ఆగదు. మరునాడు దాన్నే ముందు పెట్టుకుని, "నిన్న 7 దాటలేదు" అంటూ ట్యాంకులోకి దిగేందుకు ఇచ్చే పర్మిట్ మీద సంతకం చేస్తారు. అందుకే చెబుతున్నాను: మనుషులు దిగే చోట సగటును మాత్రమే లాగ్ చేయకండి, గరిష్ఠం తప్పక నమోదయ్యేలా పెట్టండి. వ్యవధి 10 సెకన్లకు మించనివ్వకండి. అలా పెట్టినా 8 గంటల షిఫ్టుకు వచ్చేవి 2,880 వరుసలే, నేటి డిటెక్టర్లకు అది బరువేమీ కాదు.

15 నిమిషాలు పెట్టేవారు చెప్పే కారణం ఒకటుంది. 2025 నవంబరు వరకు అమలులో ఉన్న ఫ్యాక్టరీల చట్టం రెండవ షెడ్యూలులో హైడ్రోజన్ సల్ఫైడ్‌కు స్వల్పకాలిక పరిమితి 15 పీపీఎంగా ఉండేది, అది 15 నిమిషాల లెక్క. ఆ లెక్కను డిటెక్టర్ తనంతట తాను విడిగా వేసుకుంటుంది. లాగ్ వ్యవధిని దానికి ముడిపెట్టవలసిన పని లేదు.

జీరో చేసే (శుభ్రమైన గాలిలో రీడింగును సున్నాకు సరిచేసే) చోటు కూడా ముఖ్యమే. మూత తెరిచిన ట్యాంకు పక్కనే నిలబడి జీరో చేస్తే, అక్కడి గాలిలో ఉన్న కొద్దిపాటి వాయువును కూడా పరికరం సున్నాగా తీసుకుని, ఆ పూటంతా అంత మేరకు తక్కువ చూపుతుంది. లాగ్ చూసి దీన్ని ఎవరూ పట్టుకోలేరు. ట్యాంకుకు దూరంగా, గాలి ఎటు నుంచి వస్తోందో ఆ వైపు నిలబడి జీరో చేయండి.

గొట్టంతో శాంపిల్ లాగేటప్పుడు వాయువు సెన్సర్‌కు చేరడానికి సమయం పడుతుంది కనుక, లాగ్‌లోని సమయానికీ గొట్టం కొస ఉన్న లోతుకూ పొంతన ఉండదు. పైన, మధ్యన, అడుగున, ఒక్కో మట్టం దగ్గర మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగి, ఏ సమయానికి ఏ లోతో కాగితం మీద రాసుకోండి. మీథేన్ గాలి కన్నా తేలిక, హైడ్రోజన్ సల్ఫైడ్ బరువు. ఒక్క మట్టం దగ్గర చూసి వదిలేస్తే రెండింటిలో ఒకటి తప్పించుకుంటుంది.

మిగిలినవి వరుసగా:

గడియారం తేదీ, సమయం ప్రతి ఉదయం సరిచూడండి. బ్యాటరీ పూర్తిగా అయిపోతే కొన్ని పరికరాల్లో అవి మారిపోతాయి.

మెమరీ నిండితే ఆగిపోతుందా, పాతది చెరిపి కొత్తది రాస్తుందా అన్నది ముందే తెలుసుకోండి.

ఆక్సిజన్ ఛానల్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపివేయకండి. మండే వాయువును కొలిచే ఎల్‌ఈఎల్ సెన్సర్లలో క్యాటలిటిక్ రకం ఆ వాయువును లోపలే మండించి చూస్తుంది కనుక దానికి ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ తగ్గిన చోట మండే వాయువు ఉన్నా ఆ సెన్సర్ తక్కువే చూపుతుంది.

సెన్సర్ పరిధి 100 అయితే లాగ్‌లో కనిపించే 100కు అర్థం "100 లేదా అంతకన్నా ఎక్కువ".

పని మొదలుపెట్టే ముందు బంప్ టెస్ట్ (కొద్దిగా పరీక్ష వాయువు చూపి సెన్సర్, అలారం స్పందిస్తున్నాయో లేదో చూడడం) చేయండి. అది కూడా లాగ్‌లో పడాలి.

గరిష్ఠం పెట్టారా? మరోసారి మెనూ తెరిచి చూడండి. సర్వీసుకు వెళ్లి వచ్చిన పరికరంలో ఫ్యాక్టరీ అమరికలు తిరిగి వచ్చి ఉండవచ్చు.

నిన్నటి లాగ్‌తో నేడు ఎవరినీ దించకండి. సర్టిఫికెట్ ఇచ్చే అర్హుడైన వ్యక్తి స్వయంగా పరీక్షించాలని ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ కూడా చెప్పింది.

అలారం మోగితే మనిషి ముందు పైకి రావాలి. లాగ్ తరువాత.

ప్రమాదం జరిగితే ఆ డిటెక్టర్‌ను ఆపి పక్కన పెట్టండి. లాగ్ డౌన్‌లోడ్ చేసి, ఫైలు తెరుచుకున్నదని చూసుకునే వరకు మరో పనికి ఇవ్వకండి, మెమరీ చెరపకండి.