కంటికి దెబ్బ తగిలిన కొంగను పట్టుకునే ముందు

నెల్లూరు జిల్లా కోవూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర గుడ్డికొంగ కనబడితే, ఒక కన్ను మూసుకుని తల వాల్చి ఉంటే, జాలిపడి వెంటనే చేయి పెట్టొద్దు.

ముందు మీ కళ్లు కాపాడుకోండి. పేరుకే అది గుడ్డికొంగ, ముక్కు మాత్రం సూటిగా మన కంటికే విసురుతుంది. కళ్లద్దాలు, గ్లవ్స్, మాస్కు తప్పనిసరి. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు, కోవూరు మండలాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చింది, గుర్తుందిగా! దగ్గర్లో ఇంకా పక్షులు చచ్చిపడి ఉంటే అసలు ముట్టుకోకుండా పశువుల డాక్టరుకు చెప్పండి.

అట్టపెట్టెకు గాలి రంధ్రాలు పెట్టి, అడుగున పాత గుడ్డ పరచి పక్కన ఉంచుకోండి. వెనకనుంచి లుంగీ కప్పి, రెక్కలు మూసి పట్టుకోవాలి. రొమ్ము నొక్కొద్దు. పక్షికి ఊపిరి ఆడాలంటే రొమ్ము ఎముక కదలాలి.

కంట్లో ముల్లు దిగి ఉన్నా మీరు లాగొద్దు. చనుబాలు, పసుపునీళ్లు వద్దే వద్దు. ఇంట్లో మిగిలిన చుక్కల మందూ అంతే. అందులో స్టెరాయిడ్ ఉంటే కంటిలో పుండు ముదురుతుంది. నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

పెట్టె మూసి చీకట్లో, సద్దు లేని చోట పెట్టి, అటవీశాఖకు ఫోన్ చేయండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇంట్లో పెంచుకోకూడదు. కాస్త తేరుకుందని మీరే వదిలేయొద్దు. ఒంటికన్నుతో చేప ఎంత దూరంలో ఉందో దానికి అంచనా అందదు.