ఏరేటర్ బుష్‌కి సొంత డై చేయించాలంటే: ఇంజెక్షన్ మోల్డింగ్‌లో ముందే తేల్చుకోవాల్సినవి

ఇందుకూరుపేట, విడవలూరు మొదలు సింగరాయకొండ, కొత్తపట్నం దాకా రొయ్యల గుంటలున్న చోటల్లా నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి. ఉప్పునీళ్లలో పడి అరిగిపోయే భాగాల్లో, తిరిగే ఇరుసు (షాఫ్ట్) చుట్టూ ఉండే గొట్టం లాంటి షాఫ్ట్ బుష్ ఒకటి. ఇన్నాళ్లూ లేత్ మీద తీయించుకున్నవాళ్లు ఇక డై, అంటే కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో నింపి ముక్కలు తీసే ఇనుప అచ్చు, చేయించుకుందామనుకుంటే, ఇనుము కోయకముందే తేల్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఒక కొలత పెట్టుకుందాం. షాఫ్ట్ 25 మి.మీ., బుష్ బయటి వ్యాసం 33, మొత్తం పొడవు 44, ఒక చివర 60 మి.మీ. వ్యాసంతో 4 మి.మీ. మందం అంచు (ఫ్లాంజ్). ఎసిటాల్‌తో, అంటే బజార్లో డెల్రిన్ అని అడిగే ప్లాస్టిక్‌తో చేస్తే బుష్ బరువు సుమారు 34 గ్రాములు. ఇదే బుష్‌ను 60 మి.మీ. రాడ్డు నుంచి తీస్తే 175 గ్రాముల ముక్క కోయాలి. అందులో 140 గ్రాములు చిప్స్‌గా పోతుంది. మోల్డింగ్‌లో వృథా అయ్యేది రన్నర్, అంటే డైలోకి ప్లాస్టిక్ వెళ్లే దారిలో గడ్డకట్టినది, ఒక్కటే, దాన్నీ పొడి చేసి కొంత మళ్లీ వాడుకోవచ్చు. నాలుగు కావిటీల (ముక్క ఆకారపు గుంటల) డైలో ఒక షాట్, అంటే ఒకసారి నింపి తీయడం, 40 సెకన్లలో పూర్తయితే గంటకు 360 బుష్‌లు వస్తాయి. కొలత కూడా ముక్కముక్కకీ మారదు.

డై ఖర్చు మాత్రం ముందే పెట్టాలి. 3 లక్షలు అయిందనుకోండి. 5,000 బుష్‌లు తీస్తే ఒక్కోదాని మీద డై భారం 60 రూపాయలు, 50,000 తీస్తే 6 రూపాయలు. ఏడాదికి రెండు మూడొందలే కావాలంటే లేతే నయం.

మెషిన్‌లో జరిగేది ఇదీ. హాపర్‌లోని గుళికలు బ్యారెల్‌లోకి దిగి, స్క్రూ రాపిడికి, హీటర్ల వేడికి కరుగుతాయి. డై మూసుకున్నాక స్క్రూ ముందుకు తోసి కరిగిన ప్లాస్టిక్‌ను కావిటీల్లో నింపుతుంది, గేటు (కావిటీలోకి ప్లాస్టిక్ దిగే సన్నని ద్వారం) గడ్డకట్టేదాకా ఒత్తిడి పట్టి ఉంచుతుంది. డై లోపలి నీటి దారులు ముక్కను చల్లారుస్తాయి. డై తెరుచుకోగానే ఎజెక్టర్ పిన్నులు బయటికి నెడతాయి. సమయంలో ఎక్కువ భాగం చల్లారడానికే పోతుంది. మందం రెట్టింపైతే చల్లారే సమయం సుమారు నాలుగు రెట్లవుతుంది. అందుకే బలం కావాలంటే గోడ మందం పెంచకుండా రిబ్బులు (సన్నని ఊతపట్టీలు) పెట్టాలి.

మెటీరియల్ విషయంలో తొందరపడకూడదు. నైలాన్ గట్టిదే, కానీ నీళ్లు తాగుతుంది. హౌసింగ్‌లో (బుష్ కూర్చునే గూడులో) బిగించిన నైలాన్ బుష్ నానితే బయటికి ఉబ్బే చోటు లేక లోపలికి ఉబ్బుతుంది, బోరు (మధ్య రంధ్రం) ఇరుకై షాఫ్ట్‌ను పట్టేస్తుంది. మోటారు బరువుగా తిరగడం అక్కడే మొదలవుతుంది. ఎసిటాల్ నీళ్లు చాలా తక్కువ పీలుస్తుంది కాబట్టి ఎప్పుడూ తడిలో ఉండే బుష్‌కి అదే మేలు. ఎండలో ఉండే మోటారు కవర్ లాంటివాటికి కార్బన్ బ్లాక్ కలిపిన పాలీప్రొపిలీన్ సరిపోతుంది.

ఒకసారి మెటీరియల్ ఖాయం చేశాక డై అయ్యేదాకా మార్చొద్దు. ఎసిటాల్ దాదాపు 2 శాతం కుంచించుకుపోతుంది, కాబట్టి 33 మి.మీ. కొలత రావాలంటే కావిటీని 33.67 కి కోయాలి. అదే డైలో 1.2 శాతమే కుంచించుకునే నైలాన్ పోస్తే 33.27 వస్తుంది, హౌసింగ్‌లో కూర్చోదు. డ్రాయింగ్ మీద బోరు "25" అని రాసి వదిలేయకండి. షాఫ్ట్ 25.0, బోరు 25.2 అని విడివిడిగా, ఎంత తేడా ఒప్పుకుంటారో కూడా రాయండి.

గేటు ఎక్కడ పెట్టాలన్నది డ్రాయింగ్ దశలోనే అడగాలి. ఫ్లాంజ్‌కి ఒక పక్కనే గేటు పెడితే కరిగిన ప్లాస్టిక్, బోరు ఆకారాన్నిచ్చే కోర్ పిన్ను చుట్టూ రెండుగా చీలి అవతలి వైపు కలుస్తుంది. ఆ అతుకు గీత బుష్ పొడవునా పడుతుంది, సుత్తితో హౌసింగ్‌లోకి కొట్టినప్పుడు సరిగ్గా అక్కడే పగులుతుంది. బోరు కూడా కోలగా వస్తుంది. బోరు చుట్టూ పల్చటి బిళ్లలా నింపే డయాఫ్రమ్ గేటు పెడితే అతుకు పడదు, కాకపోతే తర్వాత ఆ బిళ్లను కోసి తీసే పని ఉంటుంది. బుష్ పనికి ఆ అదనపు పని పెట్టుకోవడమే మంచిది.

మెషిన్ ఎంపికకి చిన్న లెక్క చాలు. 60 మి.మీ. ఫ్లాంజ్ వైశాల్యం 28 చదరపు సెంటీమీటర్లు. నాలుగింటికి 112, రన్నర్‌కి ఇంకో 10. ఎసిటాల్‌కి చదరపు సెంటీమీటరుకు 0.6 టన్ను వేసుకుంటే డైని మూసి పట్టడానికి 73 టన్నుల బిగింపు కావాలి. 100 టన్నుల మెషిన్ అడగండి. బిగింపు చాలకపోతే డై సందుల్లోంచి ప్లాస్టిక్ పొరలా బయటికొస్తుంది. షాట్ బరువు 150 గ్రాముల దాకా ఉంటుంది, అది మెషిన్ ఒక షాట్‌లో తోయగల బరువులో 80 శాతం దాటకూడదు.

మొదటి ట్రయల్‌కి దగ్గరుండండి. బ్యారెల్ 190 నుంచి 210 డిగ్రీలు, డై 80 డిగ్రీల చుట్టూ ఉండాలి. ఫ్లాంజ్ మూలలో గుంట పడితే హోల్డింగ్ సమయాన్ని ఒక్కో సెకను పెంచుతూ ముక్కను తూకం వేయించండి. బరువు పెరగడం ఆగిన చోట గేటు గడ్డకట్టినట్టు, ఆ పైన పట్టి ఉంచడం దండగ. వేడిగా ఉన్నప్పుడు కొలిచి ఒప్పుకోవద్దు, ఎసిటాల్ బయటికొచ్చాక కూడా కుంచించుకుంటుంది. ఒక రోజు ఆగి కొలవండి. కోర్ పిన్నును మొదట కాస్త లావుగా, కావిటీని కాస్త చిన్నగా ఉంచమనండి. తర్వాత ఇనుము అరగదీసి సరిచేయొచ్చు, మళ్లీ కలపాలంటే వెల్డింగే గతి.

కరెంటు పోతే ఎసిటాల్‌ను వేడి బ్యారెల్‌లో నిలవుంచకూడదు. అది విడిపోయి కళ్లు మండే ఫార్మాల్డిహైడ్ పొగ వదులుతుంది. కరెంటు రాగానే ఆ సరుకును బయటికి తోసేసి, పాలీఎథిలీన్‌తో బ్యారెల్ కడగాలి. అంతకుముందు ఆ మెషిన్‌లో పీవీసీ నడిచిందేమో తప్పకుండా అడగండి. ఈ రెండూ వేడిలో కలిస్తే బ్యారెల్‌లో గ్యాసు ఒత్తిడి పెరిగి ప్రమాదం జరుగుతుంది.

తీరప్రాంతం బోరు నీళ్లను నేరుగా డైలోకి పంపితే ఉప్పు పేరుకుని నీటి దారులు మూసుకుపోతాయి, ముక్కలు వంకర తిరుగుతాయి. మెత్తటి నీళ్లను, డై వేడిని 80 డిగ్రీల దగ్గర నిలిపే టెంపరేచర్ కంట్రోలర్ ద్వారా తిప్పమనండి. డై మీదేనని, ఎన్ని షాట్లు తీశారో లెక్క చూపాలని, పని ఆగిన ప్రతిసారీ డై లోపలి నీళ్లను గాలితో ఊదేసి, తుప్పు పట్టకుండా నూనె కొట్టి పెట్టాలని జాబ్ వర్క్ కాగితంలో రాయించుకోండి.